ఆవిడ దగ్గర లేని ఉదయం

ఫిబ్రవరి 4, సోమవారం

ఇవాళ పొద్దున్న అందరికంటే ముందు లేచాను. రోజూ అంతే. వెనకగదిలో కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి పాలు కాచాను. ఆ గిన్నె మీద మూత ఏనాడూ సరిగ్గా కూర్చోదు, ఒక పక్క లేచే ఉంటుంది. దాని మీద గరిటె అడ్డంగా పెట్టాను. "కొత్త గిన్నె తెచ్చుకుందాం వదినా" అంది మరదలు. సరే అన్నాను. ఆమె ఆ మాట అనడం, నేను సరే అనడం ఎన్నేళ్ళుగా సాగుతోందో.

ఇంట్లో దువ్వెన ఒక్కటే. ఎన్ని తెచ్చినా ఒక్కటే మిగులుతుంది. దానికోసం మరదలూ బుజ్జీ అద్దం ముందు కీచులాడుకున్నారు. తమ్ముడి వేళ్ళకు నిన్నటి బైండింగ్ జిగురు ఇంకా వదల్లేదు. చెంచా చేతికి అతుక్కుపోయినట్టు నటించాడు. బుజ్జి పగలబడి నవ్వింది. ఎమ్మే చదువుతున్న పిల్ల. నాలుగేళ్ళప్పుడు ఆ వేషానికి ఎలా నవ్విందో ఇప్పుడూ అలాగే నవ్వింది.

బయల్దేరేటప్పుడు నలుగురం ఒకేసారి గుమ్మంలో ఇరుక్కున్నాం. ఒకరికి సంచి కనపడదు, ఒకరికి గొడుగు, ఒకరికి కళ్ళజోడు. "మీరు నడవండి. తలుపు నేను వేస్తాలే" అన్నాను. వాళ్ళు వెళ్ళారు. తలుపు వేసి, ఒకసారి తోసి చూసుకున్నాను.

అంతే. ఇదీ ఒక ఉదయం.

ఎందుకు రాశానంటే, క్లాసులో పిల్లలకు ఇదే పని చెప్పాను. మా తాతల కాలంలో నది అవతలి ఊళ్ళలో ఒక జనాన్ని జనాన్నే లారీలెక్కించి తీసుకెళ్ళి చంపారని ముగ్గురూ పేజీలకు పేజీలు రాస్తున్నారు. చచ్చిపోకముందు వాళ్ళు బతికారని ఒక్కరూ రాయరు. ఒక మామూలు ఉదయం రాసుకు రండి అన్నాను. ముందు మీ ఇంటిది రాసి చూసుకోండి, చెయ్యి తిరుగుతుంది, ఆ తర్వాత మీ సాక్షి టేపులో చెప్పినదాంట్లోంచి ఏరుకోండి అన్నాను.

"మామూలు ఉదయంలో ఏముంటుంది మేడం?" అన్నాడు వాళ్ళలో లాయరని పేరుపడ్డవాడు.

ఏముంటుందో చూద్దామని నాది నేను రాసుకున్నాను. ఎవరికీ చూపించేది కాదు.

ఫిబ్రవరి 5, మంగళవారం

లాయరు రాసుకొచ్చిన ఉదయం: "ఆనాడు సూర్యుడు రక్తవర్ణంలో ఉదయించాడు." కోపం రాలేదు. ఆనాడు ముసురు పట్టిందని వాడి సాక్షే చెప్పాడని గుర్తుచేశానంతే.

ఫిబ్రవరి 8, శుక్రవారం

మూడు నెలల్నుంచి ఒకే పేపరు. ముగ్గురు పిల్లలు, లైబ్రరీ టేపుల్లోంచి ముగ్గురు సాక్షులు. ఎప్పుడో ఎవరో పుణ్యాత్ముడు బతికి బయటపడ్డవాళ్ళ గొంతులన్నీ రికార్డు చేసిపెట్టాడు. ఆయన పడ్డ కష్టంలో పదోవంతు వీళ్ళు పడితే చాలు.

లాయరు అనే పేరు నేను పెట్టింది కాదు. మొదటిరోజే నేను బోర్డు మీద వేసిన తేదీతో వాదానికి దిగి సంపాదించుకున్నాడు. రెండో అమ్మాయిని అందరూ మూగనోము అంటారు. ఏమడిగినా తల ఊపుతుంది, అది అవునో కాదో మనమే తేల్చుకోవాలి. మూడోది మా బుజ్జి, తమ్ముడి కూతురు. ఇంట్లో నేను అత్తని, కాలేజీలో మేడంని. నాతో కలిసి వచ్చినట్టు కనపడకూడదని గుమ్మం దాటగానే పరుగెత్తి ముందు బస్సు ఎక్కేస్తుంది. మధ్యాహ్నం మాత్రం నా డబ్బాలోంచే తింటుంది.

ఇవాళ ముందుమాట చదివారు. మొదటి వాక్యం: "మానవ చరిత్రలో ఇదొక చీకటి అధ్యాయం." ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఈ వాక్యాన్ని కొట్టేస్తూనే ఉన్నాను. ఎవరు మొదలుపెట్టారో తెలిస్తే ఆ మనిషి మీద ఒక పేపరు రాయిస్తాను.

"చీకటి ఎక్కడుంది? పట్టపగలు, వీధి వీధంతా చూస్తుండగా జరిగింది" అన్నాను.

"అయితే వెలుగు అధ్యాయం అనాలా మేడం?" అన్నాడు లాయరు.

"యావత్ ప్రపంచం నివ్వెరపోయింది" అని ఇంకో వాక్యం. ఆ వారం పేపర్లు తిరగేయమన్నాను. గుర్రప్పందేల ఫలితాలు మొదటి పేజీలో ఉన్నాయి. "చంపినవాళ్ళు నరరూప రాక్షసులు" అని మరొకటి. రాక్షసులు కాదు, తపాలా గుమాస్తాలు, లారీ డ్రైవర్లు, సాయంత్రం ఇంటికెళ్ళి పిల్లలచేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నవాళ్ళు అన్నాను.

"రాక్షసులంటే నష్టమేంటి అత్తా... మేడం?" అంది బుజ్జి. లాయరు బల్ల కింద తలపెట్టి నవ్వాడు.

"మనం అలాంటివాళ్ళం కాదులే అనిపిస్తుంది. అదీ నష్టం."

చివర్లో రెండో వరస ఆయన గురించి చెప్పాను. ప్రతి ఏడూ సంస్మరణ సభకి వస్తాడు. రెండో వరసలో కూర్చుంటాడు. అసలు నది అవతల ఏమీ జరగలేదని, జనం వాళ్ళంతట వాళ్ళే వలసపోయారని పుస్తకం రాసిన పెద్దమనిషి. అరవడు, కొట్లాడడు. పేపరు చదవడం అయ్యాక లేచి, చాలా మర్యాదగా, "ఈ వాక్యం ఏ టేపులో ఉందండీ?" అని అడుగుతాడు. ఒక్కటి దొరికితే చాలు, మిగతాదంతా కట్టుకథే అంటాడు. ముందు వరసలో చచ్చిపోయినవాళ్ళ మనవలు కూర్చుని ఉంటారు, వాళ్ళ వీపుల వెనక అంటాడు.

పిల్లలు బుద్ధిగా విన్నారు. తర్వాత లాయరు, "ఆయన్ని లోపలికి రానివ్వకుండా చేయొచ్చు కదా మేడం" అన్నాడు.

అరగంట చెప్పింది అందుకు కాదురా అనలేదు. అనుకున్నాను.

ఫిబ్రవరి 13, బుధవారం

సంస్మరణ సభలో ఎవరి భాగం చదవడానికి ఎంపికైతే వాళ్ళకు రీసెర్చి సీటుకు మా డిపార్టుమెంటు హెడ్ తన సిఫారసు రాస్తాడట. ఆయన సిఫారసు ఉంటే సీటు వచ్చినట్టే. బుజ్జి ఇంటికొచ్చేసరికి కబురు ముందే వచ్చేసింది. తమ్ముడు బైండింగ్ షాపు తొందరగా మూసేసి వచ్చాడు.

"అక్కా, నువ్వున్నావుగా. ఇంక దిగులేంటి?"

"నేను గైడుని మాత్రమే. ఎంపిక హెడ్ చేస్తాడు."

"అదేలే" అన్నాడు, కన్నుగీటుతున్నట్టు మొహం పెట్టి.

బుజ్జికి ఆ సీటు తప్ప వేరే ధ్యాస లేదు. చిన్నప్పుడు నా పుస్తకాల బీరువా ముందు కూర్చుని అట్టలు తడుముతూ ఉండేది. నాకైతే ఆత్రం ఏమీ లేదు. రావాల్సి ఉంటే వస్తుంది.

ఫిబ్రవరి 15, శుక్రవారం

ప్రార్థనలో బుజ్జి సీటు గురించి అడిగాను. అడగకూడదనే అనుకున్నాను.

ఫిబ్రవరి 19, మంగళవారం

బుజ్జి తన భాగం ఇచ్చింది. దాని సాక్షి ఒక ముసలావిడ. అప్పటికి చిన్నపిల్ల. నా గదిలో కూర్చుని చదివాను. ఒక పేరా ఇక్కడ ఎత్తిరాసుకుంటున్నాను.

"ఆ ఉదయం అమ్మ పాలు కాచింది. గిన్నె మూత సరిగ్గా కూర్చోదని దాని మీద గరిటె అడ్డంగా పెట్టింది. నేనూ చెల్లీ ఒక్క దువ్వెన కోసం కొట్టుకుంటున్నాం. నాన్న ఏదో వేషం వేసి మమ్మల్ని నవ్వించాడు. అంతలో వాళ్ళొచ్చారు. బయటికి నడవమన్నారు. అందరం ఒకేసారి గుమ్మంలో ఇరుక్కున్నాం. అమ్మ వెనక నిలబడి, మీరు నడవండి, తలుపు నేను వేస్తాలే అంది. అదే నేను విన్న అమ్మ ఆఖరి మాట."

కళ్ళజోడు తీసి పక్కన పెట్టాల్సివచ్చింది. ఇన్నేళ్ళలో ఏ విద్యార్థి కాగితం మీదా నా కన్నీరు పడలేదు. ఎక్కడో విన్నట్టుంది, ఎప్పుడో చూసినట్టుంది. నిజమైన మాటకు ఆ గుణం ఉంటుంది కాబోలు.

మార్జిన్లో "బాగుంది" అని రాశాను. ఎన్నేళ్ళయిందో ఆ మాట రాసి.

ఫిబ్రవరి 20, బుధవారం

ఆ పేరా క్లాసులో చదివి వినిపించాను. మామూలు ఉదయం అంటే ఇదీ అన్నాను. బుజ్జి తలెత్తలేదు. పొగిడితే సిగ్గు, చిన్నప్పటినుంచీ అంతే.

మూగనోము నోరు విప్పింది. "టేపులో ఆవిడ ఇంత మాట్లాడిందా మేడం?"

ఏడాదికి ఒక మాట మాట్లాడే పిల్ల, ఆ ఒక్క మాటా ఇదా. అసూయ అనుకుంటాను. ఆ పిల్ల మనసు నెమ్మదించాలని ప్రార్థించాను.

మార్చి 1, శుక్రవారం

హెడ్ బుజ్జి భాగాన్నే ఎంచుకున్నాడు. "ఆ తలుపు మాట అద్భుతమండీ. హాలు హాలంతా ఏడుస్తుంది" అన్నాడు. ఏడిపించడానికి కాదండీ అన్నాను, కానీ కటువుగా అనలేదు.

తమ్ముడు పేపరు మొత్తం తన చేత్తో కుట్టి, మెరూన్ గుడ్డ అట్ట వేసి, బంగారు అక్షరాలు అద్దాడు. ముగ్గురి పేర్లలో కూతురిది ముందు, అన్నిటి కిందా నా పేరు. బుజ్జికి చూపించకముందు ఒక కాపీ తన తలగడ కింద పెట్టుకున్నాడని మరదలు బయటపెట్టింది.

మార్చి 4, సోమవారం

అందరూ సంతోషంగా ఉన్నారు, లాయరు తప్ప. వాడి అంకెల పట్టికలో సగం తీసేయించాను. "నిజానికి లెక్కలుండాలి మేడం" అన్నాడు. ముందు కూడిక సరిగ్గా చెయ్యమన్నాను.

మార్చి 7, గురువారం

సభలో బుజ్జి చదివాక ఆ ముక్క వరకూ ఆవిడ గొంతులోనే వినిపిద్దామని నాకు తోచింది. లైబ్రరీకి వెళ్ళాను. టేపు మిషను ఒక గంట సతాయించింది. మీట నొక్కితే లేస్తుంది, లేపితే నొక్కుకుపోతుంది.

టేపు ఒక వైపు మొత్తం విన్నాను. గరిటె లేదు. దువ్వెన లేదు. తలుపు లేదు.

రెండో వైపు ఖాళీ అన్నాడు లైబ్రేరియన్. వేసి చూశాను. ఖాళీయే. టేపులు తారుమారై ఉంటాయి. ఈ లైబ్రరీలో ఏదీ ఉండాల్సిన చోట ఉండదు.

మార్చి 8, శుక్రవారం

టేపులు సరిగ్గా భద్రపరచడం లేదని ఫిర్యాదు రాయాలి. చెదిరిపోయి ఉంటుంది. పాత టేపుల్లో మాటలు చెదిరిపోతాయి.

మార్చి 9, శనివారం

మళ్ళీ విన్నాను. డబ్బా మీద పేరు సరే. గొంతు సరే. చెదిరింది ఏమీ లేదు, ఆవిడ ఊపిరి కూడా వినిపిస్తోంది.

అడిగేవాడు ఆ ఉదయం ఏం జరిగిందమ్మా అంటాడు. "ఏం గుర్తుంటుంది?" అంటుంది. చాలాసేపు ఏమీ ఉండదు. గడియారం చప్పుడు. తర్వాత: "చెల్లి బూటు కనపడలేదు. ఒకటి దొరికింది. రెండోది వెతుకుతున్నాను. మంచం కింద చూశాను." మళ్ళీ ఏమీ ఉండదు. "అమ్మ పిలిచింది. వస్తున్నా అన్నాను. బీరువా వెనక చూశాను."

మీ అమ్మగారు ఆఖరున ఏమన్నారు అంటాడు వాడు.

"ఏమందో. వినలేదు. బూటు వెతుకుతున్నాను."

వాడు ఊరుకోడు. ఏదైనా ఒక్క మాట, కాస్త గుర్తు తెచ్చుకోండి అంటాడు. ఆవిడకు కోపం వస్తుంది. "వినలేదని చెబుతున్నానా? వెతుకుతున్నాను. దొరకలేదు. దాన్ని ఒక కాలి బూటుతోనే లారీ ఎక్కించారు."

తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు.

పూర్తి టేపు ఒక కాపీ తీయించుకున్నాను. బుజ్జి వేరే ఏదో టేపు విని ఉంటుంది. అడగాలి. ఇవాళ దానికి తలనొప్పి.

మార్చి 11, సోమవారం

పొద్దున్న గుమ్మం దగ్గర రోజూలాగే, "మీరు నడవండి. తలుపు నేను వేస్తాలే" అన్నాను.

మరదలు గొడుగు పట్టుకుని ఆగిపోయి నవ్వింది. "అదిగో వదినా, పుస్తకంలో మాట!"

"ఏ పుస్తకం?"

"అయ్యో, మన బుజ్జి పుస్తకమే. పాలగిన్నె, గరిటె, దువ్వెన, అన్నీ మనింటివే కదా. చదువుతుంటే ఒకటే నవ్వు. తర్వాత ఏడుపనుకోండి."

"నేను కుట్టేటప్పుడే చూశాను" అన్నాడు తమ్ముడు. "నీ మీద ఎంత గౌరవమో దానికి అని నా కడుపు నిండిపోయింది. నీకు తెలీకపోవడమేంటక్కా? గైడువి కదా!"

బుజ్జి అప్పటికే ముందు బస్సు ఎక్కేసింది.

తలుపు వేశానో లేదో గుర్తులేదు. కాలేజీ నుంచి తిరిగొచ్చేసరికి వేసే ఉంది.

ఫిబ్రవరి 4 పేజీ తిప్పి చూశాను. మన గొంతు టేపులో వింటే మనది కాదనిపిస్తుందంటారు. ఇల్లు కూడా అంతే కాబోలు. ఇంట్లో అందరూ పోల్చుకున్నారు. కళ్ళజోడు తీసి కన్నీళ్ళు తుడుచుకున్నది నేనొక్కదాన్నే.

మూగనోముకు అసూయ లేదు.

మార్చి 12, మంగళవారం

క్లాసయ్యాక బుజ్జిని ఆగమన్నాను. మిగతా ఇద్దరూ వెళ్ళారు. లాయరు మళ్ళీ వచ్చి పెన్ను మర్చిపోయానన్నాడు. మళ్ళీ వచ్చి మూత మర్చిపోయానన్నాడు. మూడోసారి రాకముందే తలుపు మూశాను.

"టేపు విన్నాను" అన్నాను.

బుజ్జి కిటికీ వైపు చూసింది. "తిడతావా అత్తా?" అంది.

"ఎప్పుడైనా తిట్టానా?"

"అదే బాధ."

తర్వాత కట్ట తెంచుకున్నట్టు మాట్లాడింది. "బూటు, బూటు, బూటు. ఎన్నిసార్లు విన్నానో తెలుసా? రెండో బూటు దొరుకుతుందేమోనని కూడా చూశాను. ఆవిడ ఏమీ చెప్పదు. ఏం రాయమంటావు? నువ్వేమో మామూలు ఉదయం తెమ్మన్నావు. ఆవిడ దగ్గర ఉదయం లేదత్తా. మన దగ్గర ఉంది. ఇచ్చాను."

బల్ల మీద సర్దిన కాగితాలే మళ్ళీ సర్దాను.

"ఇచ్చాను" అంది మళ్ళీ. ఆకలిగా ఉన్నవాళ్ళకు అన్నం పెట్టినట్టు అంది.

మార్చి 13, బుధవారం

ఆ ఒక్క పేజీ తీయించేస్తే చాలు. హెడ్‌కి నిడివి తగ్గించామంటాను. బుజ్జి సీటు బుజ్జికి ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు. తమ్ముడికి చెబితే ఒక పూటలో పని అయిపోతుంది.

ఇందులో అబద్ధం ఏముంది. ఏమీ లేదు.

ప్రార్థనకు కూర్చోలేదు. నడుము నొప్పి.

మార్చి 14, గురువారం

నడుము నొప్పి.

మార్చి 15, శుక్రవారం

తమ్ముణ్ణి అడిగాను, ఒక పేజీ తీయడం కుదురుతుందా అని. వాడు నా మొహంలోకి చూశాడు.

"చింపితే మొండి అంచు కనపడుతుందక్కా. ఎవరు తెరిచినా ఇక్కడేదో ఉండేదని తెలిసిపోతుంది. మొత్తం కుట్లు విప్పి మళ్ళీ కుట్టాలి. ఇంతకీ ఏ పేజీ?"

చెప్పాను. అక్కడినుంచి మొదలైంది.

"జరిగిందా లేదా? చంపారా లేదా? చంపారు. మరి ఒక మాట అటూ ఇటూ అయితే కొంపలేం మునుగుతాయి?"

"ఆవిడ వినలేదని చెప్పింది. మనం విందని రాశాం."

"ఆ అమ్మ ఏదో ఒకటి అనే ఉంటుందిగా! పిల్లల్ని పంపిస్తూ ఏ తల్లయినా నోరు మూసుకుని ఉంటుందా?"

మరదలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "వదినా, మీరు ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషి, కాదనను. కానీ దాని బతుకు దీనిమీద ఉంది. ఇంకొకరి పిల్లయితే మీరు ఇంత పట్టుపట్టేవారా?"

"ఇంకొకరి పిల్లయితే ఆ రోజే ఫెయిల్ చేసేదాన్ని" అన్నాను.

అన్నాక తెలిసింది, నేనేం చేస్తున్నానో.

తమ్ముడు ఇంకా ఏదో అంటున్నాడు, ఆ రెండో వరస ముసలాడికి అంత ఓపిక ఎక్కడిది, టేపులన్నీ వింటాడా అని. వింటాడు. మన పిల్లలకంటే శ్రద్ధగా వింటాడు. కానీ నేను ఆయన గురించి ఆలోచించడం లేదు. గొంతు లేచింది నాది. ఈ ఇంట్లో నా గొంతు లేవడం వాళ్ళకు కొత్త, నాకూ కొత్తే.

"ఇచ్చాం ఇచ్చాం అనుకుంటున్నారు. తీసుకున్నాం. ఆవిడ దగ్గర ఉన్నదల్లా ఒక్క బూటు. ముసలితనం దాకా దాన్నే పట్టుకుని కూర్చుంది. అది చిన్నదని మనం విసిరేసి, మన పాలగిన్నె ఆవిడ చేతిలో పెట్టాం. పైగా మెచ్చుకున్నాను. బాగుంది అని రాశాను."

బుజ్జి గదిలోంచి బయటికి రాలేదు, కానీ తలుపు ఓరగా ఉంది.

మార్చి 16, శనివారం

ప్రార్థన చేశాను. సీటు గురించి అడగలేదు.

పొద్దున్న నలుగురం గుమ్మంలో ఇరుక్కున్నాం. నా నోట్లోంచి మాట రాలేదు. ఎవరూ కదలరు. నేను అంటే తప్ప వాళ్ళకు కాళ్ళు ఆడవు కాబోలు. "పదండమ్మా, బస్సు వెళ్ళిపోతుంది" అని తమ్ముడే గసిరాడు.

మధ్యాహ్నం డబ్బా తెరిచి కూర్చున్నాను. బుజ్జి రాలేదు. చాలాసేపటికి వచ్చి, ఎదురుగా కూర్చుని, తన వాటా తిని, "టేపు కాపీ ఉందా నీ దగ్గర?" అంది.

"ఉంది."

"రేపు ఇంట్లో పెడదాం. అందరూ వినాలి. నేనొక్కదాన్నే విన్నాను. అందుకే అలా అయింది."

మార్చి 17, ఆదివారం

తమ్ముడు అటక మీద నుంచి పాత టేప్ రికార్డర్ దించాడు. బూజు తుడిచి, ఒక చోట వైరుకు తన బైండింగ్ గుడ్డ చుట్టి, పనిచేయించాడు. పొద్దు వాలాక నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. మరదలు బఠాణీలు ఒలుచుకుంటూ వింటానని గిన్నె తెచ్చుకుంది.

మొదటిసారి ఏమీ వినిపించని చోట తమ్ముడు మిషను పాడైందేమోనని లేవబోయాడు. "కూర్చో నాన్నా, అది అంతే" అంది బుజ్జి.

బూటు వచ్చింది. మంచం కింద వచ్చింది. మరదలి చేతులు ఆగిపోయాయి. బీరువా వెనక వచ్చేసరికి ఆమె బల్ల కిందికి వంగి చూసింది. దేనికోసమో ఆమెకూ తెలియదు. మళ్ళీ లేచి సర్దుకుని కూర్చుంది. ఎవరూ నవ్వలేదు.

"వినలేదని చెబుతున్నానా?" అని ఆవిడ అరిచినప్పుడు తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. తననే అన్నట్టు తల దించుకున్నాడు.

కుర్చీ చప్పుడు అయ్యాక కూడా టేపు తిరుగుతూనే ఉంది. ఎవరూ ఆపలేదు. చివరికి అదే టక్కున ఆగింది.

మరదలు, "రెండోది దొరకలేదా ఇంక?" అంది.

"లేదమ్మా" అంది బుజ్జి. "అమ్మ పిలుస్తుంటే వస్తున్నా అంది. అదే ఆవిడ ఆఖరున అమ్మతో అన్నది. నాకు వినపడనే లేదు. నేను అమ్మ ఏమందా అని వెతుకుతున్నాను. ఆవిడ తను ఏమందో చెప్పేసింది."

నేను మూడుసార్లు విన్నాను. నాకూ వినపడలేదు.

తమ్ముడు లేచి నీళ్ళు తాగాడు. మళ్ళీ వచ్చి కూర్చుని, షాపులో ఖాతాదారుతో మాట్లాడే గొంతుతో, "సరే, ఏం చేయాలో తేల్చండి" అన్నాడు.

తేలినవి ఇవి.

రేపు పొద్దున్నే బుజ్జి హెడ్ దగ్గరికి వెళ్ళి జరిగింది చెబుతుంది. సిఫారసు పోతే పోతుంది. "పోతే వచ్చే ఏడు మళ్ళీ అడుగుతాను. లేదా నాన్న దగ్గర కుట్లు నేర్చుకుంటాను" అంది. దాని కుట్టు వంకరని, తన షాపు పరువు పోతుందని తమ్ముడు అన్నాడు. గైడుగా నా పేరు ఉంది కాబట్టి నేనూ వెళ్ళి, చూడాల్సింది చూడలేదని, పైగా మెచ్చుకున్నానని చెబుతాను. కలిసి వెళ్దామన్నాను. బుజ్జి ఒప్పుకోలేదు. ముందు తను, తర్వాత నేను. ముందు బస్సు దానిదే.

తమ్ముడు అన్ని కాపీలకూ కుట్లు విప్పుతాడు. చింపడు, విప్పుతాడు. ఆ పేజీ ఉన్నచోట టేపులో ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఆవిడ మాట్లాడనిచోట కాగితం మీద ఖాళీ వదలాలని బుజ్జి అంది. ఎంత ఖాళీ అని తమ్ముడు అడిగాడు. ఉన్నంత అంది. పేజీలు పెరుగుతాయని గొణిగాడు, సరేనన్నాడు.

హెడ్ చదవనిస్తే సభలో బుజ్జి అదే చదువుతుంది. ఆవిడ ఊరుకున్నచోట తనూ ఊరుకుంటుంది. "అంతసేపు జనం కూర్చుంటారా?" అని తమ్ముడి సందేహం. "మనం కూర్చోలేదూ?" అంది మరదలు. చదవనివ్వకపోతే నలుగురం వెళ్ళి వెనక వరసలో కూర్చుని వస్తాం. మానేయడం మాత్రం లేదు.

లాయరుకూ మూగనోముకూ నేను క్లాసులో చెప్పాలి. మూగనోముకు విడిగా కూడా ఒక మాట చెప్పాలి. ఈ ఆఖరిది నేను కలిపాను.

ఆఖరున మరదలు తలుపు సంగతి ఎత్తింది. నిన్న పొద్దున్న నేను గుమ్మంలో రాయిలా నిలబడ్డానట, అందరికీ ఆలస్యమైందట, రోజూ ఇలా అయితే కుదరదట. ఆ మాట ఇంక నా నోట రాదని ఆమెకు తెలుసు. రావాలని ఎవరూ అనలేదు. కాసేపు తర్జనభర్జన పడ్డారు. రేపట్నుంచి ఎవరు చివర ఉంటే వాళ్ళే తలుపు వేయాలి, వేసి ఒకసారి తోసి చూడాలి, ఎవరూ ఏమీ అనక్కర్లేదు అని తేల్చారు.

సరే అన్నాను.